పేరు ఏ పుస్తకంలో ఉంది?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం పాఠం)

ఈవేళ మీతో చెప్పబోయేది దేవుణ్ణి గురించి కాదు. ఏ మతం మంచిది, ఏది కాదు అనే వాదమూ కాదు. మతం పేరు గురించి నాలుగు మాటలు. మనిషికి ఒక మతం పేరు ఎట్లా వచ్చింది, అది ఏ పుస్తకంలో ఎక్కింది, ఎక్కినందువల్ల ఏం దక్కింది, ఏం పోయింది అనే సంగతిని మన కనిగిరి వైపు చరిత్రలోంచి తీసి మీ ముందు పెడతాను.

కనిగిరి అనగానే కొండమీది దుర్గం గుర్తొస్తుంది కొందరికి. ఫ్లోరైడు నీళ్ళు గుర్తొస్తాయి మరికొందరికి. వాన ముఖం చాటేస్తే మూటాముల్లె కట్టుకొని కూలికి వలసపోయే జనం గుర్తొస్తారు అందరికీ. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోది. మార్కాపురం, గిద్దలూరు అప్పటిదాకా కర్నూలు జిల్లాలోవి. 1972లో ఒంగోలు జిల్లాకే ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా పేరు మారింది, ఊరు మారలేదు, చెరువు మారలేదు, బావి దగ్గర కడవలు మోసే ఆడవాళ్ళూ మారలేదు. కాగితం మీద పేరు ఒక సంగతి, కింద నేల ఒక సంగతి. మనుషుల మతం విషయంలోనూ ఇట్లాంటిదే ఒకటి ఇక్కడ జరిగింది.

ఈ వైపు పల్లెల్లో కొన్ని ఇళ్ళు చూడండి. ఇంటావిడ పేరు మరియమ్మో, రూతమ్మో. గోడకు సిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు. ఆదివారం పొద్దున్నే తలంటుకొని, ఇస్త్రీ చీర కట్టుకొని ప్రార్థనకు పోతుంది. కానీ ఆ ఇంటి పిల్లవాడి కుల ధృవపత్రం మీద ‘హిందూ’ అని ఉంటుంది. జనాభా లెక్కలకు వచ్చిన బడిపంతులు అడిగినా, ‘‘హిందువులమనే రాసుకోండయ్యా’’ అంటుంది ఆమె. పంతులు రాసుకుంటాడు. ఇద్దరికీ సంగతి తెలుసు. ఇద్దరూ మాట్లాడరు.

ఎందుకిట్లా? ఇది అబద్ధమా, భయమా, అవసరమా? ఒక్క మాటలో తీర్పు చెప్పేయడం సులువే. అయితే ఆ తీర్పుకు ముందు ఒక నూటయాభై ఏళ్ళు వెనక్కి పోయి రావాలి. రండి, పోదాం.

చర్చి రాకముందు మాదిగపల్లెలో మతం లేదని అనుకోకండి. ఉంది, చాలానే ఉంది. ఎల్లమ్మ, అంకమ్మ, పోలేరమ్మ జాతర ఏదైనా సరే మాదిగ డప్పు మోగందే అమ్మవారు కదలదు. ఆ జాతరల్లో మాతంగి అని ఒక స్త్రీ ఉండేది. మాదిగ కులంలో పుట్టి, పెళ్ళి లేకుండా అమ్మవారి పేరు మీద ఉండిపోయిన మనిషి. అమ్మవారు పూనినప్పుడు ఆమె పెద్ద కులాలవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టేది, వాళ్ళమీద ఉమ్మేది. వాళ్ళు నోరెత్తకుండా తల వంచుకొని నిలబడేవాళ్ళు. ఆ ఉమ్మి తగిలితే మైల పోతుందని నమ్మకం. మరి జాతర అయిపోయిన మర్నాడో? అదే స్త్రీని ఊరి బావి గట్టు ఎక్కనివ్వరు! అమ్మవారుగా ఉన్న ఆ ఒక్క పూటే ఆమెకు గౌరవం.

ఈ సంగతులన్నీ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే ఆమె 1899లో ఒక ఇంగ్లీషు పుస్తకంగా అచ్చు వేయించింది. ‘చెప్పులు కుడుతూ ఉండగా’ అని దాని పేరుకు అర్థం. ఆమె మిషనరీగా మన దేశం వచ్చి, మాదిగపల్లెల్లోని పెద్దవాళ్ళు చెప్పిన కథలు రాసుకుంది. అంతకుముందు స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన విదుషీమణి కూడాను. మిషనరీ కన్నుతో చూసి రాసిన పుస్తకమే, కాదనను. అయినా మన పల్లెవాళ్ళ మాటలు అంత పాతవి మరోచోట దొరకడం కష్టం.

ఆ పుస్తకంలోని ముఖ్యమైన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట ఒక పల్లె ఆయనది. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆయన చర్చిలోకి రాకముందే రాజయోగం నేర్చుకున్నాడంటే నమ్ముతారా? ఆయన ఎరిగిన గురువుల్లో వీరమ్మ అని ఒక స్త్రీ ఉంది. దేవుడు ఒక్కడే అని, రాళ్ళకూ చెట్లకూ మొక్కనక్కర్లేదని ఆ గురువులు ముందే చెప్పి ఉన్నారు. తోళ్ళ బేరం మీద ఉత్తరానికి పోయినప్పుడు ఏలూరులో ఒక మిషనరీ బోధ విన్నాడు. ఇంటికొచ్చి భార్య నాగమ్మతో చెప్పాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఎవరూ బియ్యం ఇవ్వలేదు, బట్టలు పెట్టలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అవతలివైపు సంగతి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగుదేశంలో 1836లో అడుగుపెట్టింది. 1840 నుంచి నెల్లూరు దాని కేంద్రం. ముప్పై ఏళ్ళు గడిచినా వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మందే చేరారు. ఈ మిషన్ ఎత్తేద్దామా అని అమెరికాలో వాళ్ళు సభల్లో తర్జనభర్జన పడ్డారు. అటువంటి రోజుల్లో 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే ఆయన ఒంగోలులో కాపురం పెట్టాడు. మనవాళ్ళు క్లౌ దొర అనేవాళ్ళు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడింది. ఆనాటి సభ్యులు 8 మంది. ఎనిమిది! అదే నెలలో పేరయ్య వైపు పల్లెల్లో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వెంటనే చిక్కొచ్చి పడింది. ఒంగోలులో పెద్ద కులాలవాళ్ళు కొందరు ఆ బోధ మీద ఆసక్తి చూపుతూ వచ్చారు. వాళ్ళు తమ పిల్లల్ని మిషన్ బడికి పంపుతున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని తెగేసి చెప్పారు. దొరా, దొరసానీ ఆలోచనలో పడ్డారు. అటు చూస్తే చదువు, పలుకుబడి ఉన్నవాళ్ళు. ఇటు చూస్తే చెప్పులు కుట్టుకునేవాళ్ళు. ఇద్దరూ విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకుంటాడనే భాగం కనిపించిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. మాదిగలవైపే నిలబడ్డారు. ఒంగోలు సంఘం చరిత్ర అక్కడ మలుపు తిరిగింది.

సరే, చేరడమంటే ఏమిటి? నీళ్ళలో మునిగి లేస్తే అయిపోయిందా? కాలేదు. క్లౌ దొర పల్లెలవాళ్ళకు ముఖ్యంగా మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఎంత తేలిగ్గా ఉన్నాయో చూడండి. ఆచరణలో ఒక్కొక్కటీ ఊరి కట్టుబాటు మీద గొడ్డలిపెట్టు.

కోతల రోజుల్లో ఆదివారం రానంటే ఆసామి ఊరుకుంటాడా? మాదిగ ఆసామికి ఏడాది పొడుగునా చెప్పులు, మోట తోళ్ళు, వార్లు కుట్టివ్వాలి. చచ్చిన గొడ్డును ఊళ్ళోంచి తీసుకుపోవాలి. దానికి బదులు కల్లంలో గింజలు, ఆ గొడ్డు తోలు, మాంసం. ఆ మాంసం వద్దన్నారంటే ఆ ఒప్పందంలో ఒక కాలు విరిగినట్టే. ఇక విగ్రహాల సంగతి. జాతరకు డప్పు కొట్టనంటే ఊరంతా అమ్మవారికి అపచారమని మండిపడుతుంది. కరణం, మునసబు కన్నెర్ర చేశారు. దారులు మూసేశారు. పనులు మాన్పించారు. దొంగతనాలు మోపి ఠాణాలకు తిప్పారు.

ఇందులో ఆడవాళ్ళ కష్టం ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వండేది ఎవరు? ఆదివారం కూలి పోతే, తేరగా వచ్చే మాంసం పోతే, ఆ పూట పిల్లల కంచంలో ఏం పెట్టాలో చూసుకోవాల్సింది తల్లి. నియమం గుడిలో వినిపిస్తుంది, దాన్ని నిలబెట్టాల్సింది పొయ్యి దగ్గర.

ఇట్లా పదేళ్ళు గడిచాయి. అంతలో 1876లో కరువు వచ్చిపడింది. ధాత కరువని మన తాతముత్తాతలు చెప్పుకున్నది అదే. మద్రాసు రాజధాని అంతటా 1876 నుంచి 1878 దాకా లక్షల ప్రాణాలు పోయాయి. చెరువులు ఎండి, గొడ్లు చచ్చి, కనిగిరి, పొదిలి, దర్శి వైపు మెట్ట పల్లెల జనం తూర్పుదారి పట్టారు. అటు సముద్రపు ఒడ్డునే బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు, కరువు పని కింద. పనిచ్చే చోట్ల కూడా మాదిగలకు మేస్త్రీల తిట్లు, దెబ్బలు తప్పలేదు. క్లౌ దొర దొర కాకముందు అమెరికాలో భూమి కొలిచే సర్వేయరు. ఆ విద్య అక్కరకొచ్చింది. కాలువలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు తట్టలు మోయడం, పొద్దుగూకాక మాటలు వినడం. తట్టలు మోసినవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళే అయి ఉంటారని మీకు వేరే చెప్పాలా, కరువు పని ఎప్పుడు చూసినా అంతే కదా!

కాలువ పనిలో ఉన్న జనం మమ్మల్ని సంఘంలో చేర్చుకోండని అడిగారు. దొర ఒప్పుకోలేదు. సాయం అందుతున్నంతకాలం, ఏడాది పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. 1878 నడిమికి సాయం ముగిసింది. ఇక డబ్బులు లేవని, ఇళ్ళకు పొమ్మని బోధకులతో చెప్పించాడు. జనం పోలేదు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కూడారు. 1878 జూలై 3న, ఒక్కరోజున, 2,222 మందికి ఆ ఏటిలో బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది ఎవరనుకున్నారు? తెల్లదొరలు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. ఆ సంవత్సరం మొత్తంమీద ఒంగోలు సంఘంలో కొత్తగా చేరినవాళ్ళు 9,606 మంది. 1867లో ఎనిమిది, పదకొండేళ్ళకు వేలు! అమెరికాలో ఏ మిషన్ ఎత్తేద్దామన్నారో దాన్ని గురించే ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకున్నారు.

ఇక్కడే మొదటి నింద పుట్టింది. ‘బియ్యం క్రైస్తవులు’ అన్నారు. గంజికి మతం అమ్ముకున్నారన్నారు. దీన్ని ఎట్లా చూద్దాం? సాయం ఆగాకనే చేర్చుకున్నారు కనుక నింద పూర్తిగా చెల్లదు. ఆ కరువుకు ముందే వచ్చిన పేరయ్య వంటివాళ్ళు ముందే దారి వేసి ఉన్నారు కనుకా చెల్లదు. అయితే, రేపు మళ్ళీ కరువొస్తే ఆదుకునే మనిషి ఒకడున్నాడనే ధైర్యం వాళ్ళను కదిలించలేదని కూడా అనలేం. కదిలిస్తే తప్పా? ఆకలి వేళ చేయి పట్టుకున్నవాణ్ణి, తిట్టకుండా కూలిచ్చినవాణ్ణి నమ్మడం మనిషి లక్షణం. కడుపుదీ మనసుదీ వేర్వేరు గదులు కావు. ఆ గదుల్ని వేరుచేసి చూడమని పేదవాణ్ణే అడుగుతాం. ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చి, కోటు తొడిగి, దొర దగ్గర చేతులు కట్టుకున్న పెద్దవాళ్ళను ఎవరూ అడగలేదు.

ఇక సభ్యత్వం ఎట్లా లెక్కపెట్టేవాళ్ళో చెప్పుకుందాం. లెక్కలు చదివేటప్పుడు ఇది తెలియకపోతే పొరబడతాం. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. వయసొచ్చి, తెలివి తెలిసి, పదిమందిలో నిలబడి నేను నమ్ముతున్నానని తన నోటితో చెప్పినవాళ్ళే సభ్యులు. కనుక సంఘం పుస్తకంలో వెయ్యిమంది ఉన్నారంటే ఆ ఇళ్ళలోని పసివాళ్ళు లెక్కలో లేరన్నమాట. సర్కారు జనాభా లెక్కలు అట్లా కాదు, పొత్తిళ్ళలోని బిడ్డకు కూడా మతం రాస్తాయి. ఒకే ఊరు, ఒకే జనం, రెండు పుస్తకాల్లో రెండు అంకెలు.

ఆ నియమంలో ఆడవాళ్ళకు ఒక మేలు జరిగింది. మొగుడు చెప్పినందువల్ల భార్య సభ్యురాలు కాదు. ఆమె సాక్ష్యం ఆమే చెప్పాలి. ప్రశ్నలు ఆమెనే అడగాలి. పేరు విడిగా రాయాలి. పట్టా మగవాడి పేరు మీద, అప్పు కాగితం మగవాడి పేరు మీద. ఆ కాలపు మాదిగపల్లెలో ఒక స్త్రీ పేరు సిరాతో కాగితం మీదికి ఎక్కిన మొదటి చోటు చాలా ఇళ్ళకు ఈ సంఘం పుస్తకమే అయి ఉంటుంది. పేరు ఎక్కడం చిన్న సంగతా చెప్పండి?

ఒంగోలు సంఘం పెరిగి మోయలేని బరువైంది. 1880ల తొలినాళ్ళలో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరుపడ్డాయి. 1890లలో కనిగిరి, పొదిలి వంతు వచ్చింది. కనిగిరిలో జార్జి బ్రాక్ అనే మిషనరీ కాపురముండి పని చేశాడు. అంతకుముందు బాప్తిస్మానికైనా, పంచాయితీకైనా యాభై మైళ్ళ పైచిలుకు నడిచి ఒంగోలు పోవలసిన పల్లెలకు ఇప్పుడు చేరువలోనే ఒక కాంపౌండు వచ్చింది.

దొరలు కాంపౌండులో ఉంటే పల్లెల్లో సంఘాన్ని నిలబెట్టింది ఎవరు? బోధకులూ, బైబిలు స్త్రీలూను. బైబిలు స్త్రీ అంటే సంచీలో పుస్తకం పెట్టుకొని పల్లెపల్లెకు కాలినడకన తిరిగి ఆడవాళ్ళకు చదివి వినిపించే మనిషి. చదువుకున్న ఆడది ఎట్లా ఉంటుందో చాలా పల్లెలు మొదట చూసింది ఆమెలోనే. ఆమెను చూసి, మా పిల్లను కూడా బోర్డింగుకు పంపుతామన్నారు తల్లులు. అట్లా చదివిన పిల్లలే తర్వాత పంతులమ్మలయ్యారు, నర్సులయ్యారు.

గుప్పెడు బియ్యం సంగతి మీలో చాలామందికి తెలుసు. అన్నం వండబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది ఇల్లాలు. వారానికి అది సంఘానికి పోతుంది, కాపరికి తిండి అవుతుంది. ఉన్నవాళ్ళు ఇచ్చే చందాకు రసీదు ఉంటుంది, గుప్పెడు బియ్యానికి ఉండదు. అమెరికా డబ్బుతో నడిచిన చర్చి అని తేలిగ్గా అనేస్తాం గానీ, పొయ్యి దగ్గరి ఈ కుండను మరిచిపోతే ఆ చరిత్ర సగమే తెలిసినట్టు.

ఇట్లా అంటే చర్చిలోకి పోగానే కులం పోయిందని కాదు. ఒంగోలు, కనిగిరి, కంభం వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. గిద్దలూరు నుంచి నంద్యాల దిక్కుగా ఇంగ్లండువారి ఎస్.పి.జి. మిషన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. అటు గుంటూరు లూథరన్ సంఘాల్లోనూ మాలల పాలు ఎక్కువే. మిషన్లు పొలిమేరలు పంచుకున్నాయి, పల్లెలు కులాన్ని వెంట తెచ్చుకున్నాయి. పెళ్ళిసంబంధాలు పాత గీతలు దాటలేదు. చర్చిలో ప్రసంగించే పెద్దరికం కూడా చాలాకాలం మగవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా బతుకు చూడండి. క్రైస్తవ ఇంట పుట్టినా ఊళ్ళో అంటరానితనం తప్పలేదు. పురాణకథలు పద్యాలుగా రాస్తున్నాడని క్రైస్తవుల్లోనూ కొందరు దూరం పెట్టారు. రెండు పుస్తకాలవాళ్ళకూ ఆయన పరాయివాడయ్యాడు.

మన పల్లెల తత్వం కూడా ఒక్క గడిలో ఇమిడేది కాదు. పీర్ల పండక్కి అగ్గిగుండం చుట్టూ తిరిగేవాళ్ళలో ముస్లిములకంటే ఇతరులే ఎక్కువ కనిపించే ఊళ్ళున్నాయి. మాలకొండ నరసింహస్వామి గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు, ఆ రోజు కొండకు పోయే బళ్ళలో ఎవరు ఏ మతమో అడిగేవాళ్ళు లేరు. బిడ్డకు జ్వరమొస్తే తల్లి ప్రార్థన చేయిస్తుంది, తాయెత్తూ కట్టిస్తుంది, ఆసుపత్రికీ తీసుకుపోతుంది. గడి ఒక్కటే ఉండాలని పట్టుబట్టేది పుస్తకం.

ఇప్పుడు అసలు చిక్కుకు వచ్చాం. 1936లో బ్రిటిషువాళ్ళు షెడ్యూల్డు కులాల జాబితా వేసినప్పుడే క్రైస్తవుల్ని అందులోంచి బయట పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులకే షెడ్యూల్డు కులం హోదా అన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళనూ వాళ్ళ సంతానాన్నీ 1970లో వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపుగా పెట్టారు. వాళ్ళ వాటా నూటికి ఒకటి. 1977లో కొన్ని ఆర్థిక సహాయాలు వాళ్ళకూ వర్తింపజేశారు గానీ అసలు రిజర్వేషను కాదు.

దీన్ని ఇంటి భాషలోకి మార్చి చూద్దాం. అన్నదమ్ములిద్దరు. ఒకే గుడిసెలో పుట్టారు, ఊరివాళ్ళ దృష్టిలో ఇద్దరూ ఒకే కులం, టీ కొట్టులో ఇద్దరికీ ఒకే వేరే గ్లాసు. అన్న కాగితం మీద హిందువు, తమ్ముడు క్రైస్తవుడు. అన్న కొడుక్కి సీటు, ఉద్యోగం, పంచాయతీలో నిలబడే అవకాశం, అవమానం జరిగితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అండ. తమ్ముడి కొడుక్కి అవి లేవు. ఊరు మాత్రం ఇద్దరినీ ఒకేలాగే పిలుస్తుంది. ఆ తమ్ముడి భార్యవి మీరే అయితే పిల్లవాడి కాగితం మీద ఏం రాయిస్తారు? నిదానంగా ఆలోచించి చెప్పండి.

జనం ఏం రాయించారో లెక్కలే చెబుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు సుమారు 18 లక్షల 23 వేలు, నూటికి 4.19. 1981లో 14 లక్షల 33 వేలు. 1991లో 12 లక్షల 16 వేలు. 2001లో 11 లక్షల 82 వేలు. 2011లో 11 లక్షల 30 వేలు, అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. ఈ నలభై ఏళ్ళలో రాష్ట్ర జనాభా నాలుగు కోట్ల ముప్పై ఐదు లక్షలనుంచి ఎనిమిది కోట్ల నలభై ఆరు లక్షలకు పెరిగింది. మరి ఈ నలభై ఏళ్ళలో పల్లెల్లో చర్చిలు తగ్గాయా? కళ్ళున్నవాళ్ళెవరూ తగ్గాయనరు. పాత మిషన్ చర్చి పక్కనే కొత్త ప్రార్థనా మందిరాలు, రేకుల షెడ్లలో సహవాసాలు వెలిశాయి. చర్చిలో మనుషులు పెరిగారు, లెక్కలో తరిగారు.

దీంతో రెండో నింద పుట్టింది. రాయితీల కోసం దేవుణ్ణి దాచుకుంటున్నారన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషను కోసం హిందువునని చెప్పుకోవడం చెల్లదని తీర్పిచ్చింది. చట్టం ఉన్నంతకాలం కోర్టు అట్లాగే చెప్పాలి. చట్టం మార్చాలా అన్నది వేరే ప్రశ్న. దళిత క్రైస్తవుల్నీ చేర్చాలని మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. ఈ ప్రశ్న పరిశీలించమని కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఉన్న వాటాలోకి కొత్తవాళ్ళొస్తే మా పిల్లలకు తగ్గుతుందని భయపడే షెడ్యూల్డు కులాలవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ భయాన్నీ తీసిపారేయలేం.

నేను మీ ముందు పెట్టదలచుకున్నది ఇది ఒక్కటే. 1878లో అంకె పెరిగినప్పుడు, అన్నం కోసం చేరారన్నారు. 1971 తర్వాత అంకె తరిగినప్పుడు, ఉద్యోగం కోసం దాచారన్నారు. నింద పడింది రెండుసార్లూ ఒకే పల్లెమీద, ఒకే జనంమీద. చేరినా నిందే, దాచినా నిందే. నమ్మకానికి వెల కట్టింది మొదట వాళ్ళు కాదు. ఆదివారం పని మానితే కూలి కోసిన ఆసామి వెల కట్టాడు, పేరు మారితే హోదా కోసిన చట్టం వెల కట్టింది. వెల కట్టినవాళ్ళను వదిలేసి, దాన్ని చెల్లించలేనివాళ్ళను మాత్రం బేరగాళ్ళంటున్నాం.

అబద్ధం రాయించడం మంచిదని నేననను. ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు పెట్టుకొని పెరిగే పిల్ల మనసులో ఎంత నలుగుడు ఉంటుందో తల్లులకు తెలుసు. ప్రార్థనలో రాణి గ్రేసు, హాజరు పట్టీలో ఉత్త రాణి. ‘‘అమ్మా, మనం ఎవరం?’’ అని ఆ పిల్ల అడిగితే జవాబు చెప్పాల్సింది తల్లే కదా. నిజం చెప్పినవాళ్ళకు నష్టం లేని రోజు వస్తేనే ఆ లెక్కలకు విలువ. అందాకా ఎవరైనా ఫలానా జిల్లాలో ఫలానా మతంవాళ్ళు ఇంతమందే అని అంకె చెబితే, అది మనుషుల నమ్మకాల లెక్కా, మనుషుల భయాల లెక్కా అని ఒక్కసారి అడగండి.

చివరిగా ఒక పని చెబుతాను, ఇది ఏ మతంవాళ్ళయినా చేయవచ్చు. మీ ఊళ్ళో పాత చర్చి ఉంటే సభ్యుల పుస్తకాలు, పెళ్ళి రిజిస్టర్లు ఏ బీరువాలోనో చెదలు పడుతూ ఉంటాయి. గుడి ఉంటే ఉత్సవాల జమాఖర్చులు, మసీదు ఉంటే పీర్ల పండగ లెక్కలు ఉంటాయి. వాటిని బయటికి తీయించి దుమ్ము దులిపించండి, చదవగలిగిన పిల్లల చేత చదివించండి. ఊరి పట్టాల్లో కనిపించని ముత్తవ్వల పేర్లు కొన్ని అందులో కనిపిస్తాయి. కాలువ మట్టి మోసిన చేతులవి, గుప్పెడు బియ్యం తీసిపెట్టిన చేతులవి. వాళ్ళు ఏ దేవుడికి మొక్కారన్నది వాళ్ళ ఇష్టం. వాళ్ళ పేర్లు చెదలపాలు కాకుండా చూడటం మాత్రం మన బాధ్యత.